ఆప్షన్లు పెట్టించే అక్కలకు, అన్నలకు

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఎంట్రన్సు ఫలితాలు వచ్చాయంటే ఇప్పటికీ పిల్లలు ర్యాంకు కార్డు పట్టుకుని, ఆప్షన్లు పెట్టించమని మా ఇంటికి వస్తారు. ఈ మధ్య చాలా ఊళ్లలో ఈ పని బీటెక్కో డిగ్రీయో చదువుతున్న అక్కలూ అన్నలూ చేస్తున్నారు. చూస్తే సంతోషంగా ఉంటుంది. ఈ సూచనలు వాళ్ల కోసం రాస్తున్నాను.

1. ముందు ర్యాంకు అడగొద్దు

"ఏం చదవాలనుందమ్మా?" అని పిల్లను అడిగితే జవాబు పక్కనున్న నాన్న నుంచి వస్తుంది: "కంప్యూటర్సే మేడం." ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు. అప్పు చేసి చదివిస్తున్న మనిషి, ఉద్యోగం అన్న మాట ఎటు వినపడితే అటే చూస్తాడు. కానీ పిల్లతో విడిగా ఓ పావుగంట మాట్లాడాల్సిందే. జీవితంలో ఏం సాధిస్తావు లాంటి ప్రశ్నలు అప్పుడు పనిచేయవు, పదిహేడేళ్లకు ఎవరికి తెలుస్తుంది? పరీక్ష లేకపోయినా ఏ పుస్తకం తీస్తావు, ఏ లెక్క తేలేదాకా లేవకుండా కూర్చున్నావు, ఏ రికార్డు ఎవరిదీ చూడకుండా రాశావు అని అడిగి చూడండి. నోరు విప్పుతారు.

బైపీసీ పిల్లల దగ్గర ఈ మాటలు మరీ అవసరం. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు రాకపోతే అంతా అయిపోయిందనుకుంటారు. వ్యవసాయానికి గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లో జయశంకర్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉద్యానానికి వెంకట్రామన్నగూడెం, పశువైద్యానికి తిరుపతి. ఇవికాక ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, మత్స్యశాస్త్రం. కొన్నిటికి ఈఏపీసెట్ ర్యాంకు చూస్తారు, కొన్నిటికి నీట్ ర్యాంకు. ఆ ఏటి నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే చెప్పండి. వ్యవసాయ కోర్సుల్లో రైతు బిడ్డలకు కోటా ఉంది. పొలం కాగితాలు, పల్లెలో చదివినట్టు సర్టిఫికెట్లు అడుగుతారు. ఉన్న అర్హత తెలియక వదిలేసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

2. ఆప్షన్ల వరుస పిల్ల ఇష్టాల వరుసే కావాలి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీట్లు పంచేటప్పుడు కంప్యూటర్ ర్యాంకుల వారీగా ఒక్కొక్కరినే తీసుకుంటుంది. ఆ పిల్ల పెట్టిన మొదటి ఆప్షన్‌లో ఆమెకు వర్తించే సీటు మిగిలి ఉందా అని చూస్తుంది. లేకపోతే రెండోది, ఆపైన మూడోది. ఎక్కడ ముందు దొరికితే అక్కడ ఆగిపోతుంది, ఇక కింద ఉన్నవాటి జోలికి పోదు. అందుచేత అందదనుకున్న కాలేజీని పైన పెడితే పోయేదేమీ లేదు. కింద పెట్టినవాటిలో వచ్చే అవకాశం వీసమెత్తు కూడా తగ్గదు. ఈ సంగతి తెలియక "గ్యారంటీగా వచ్చేది పైన పెట్టు" అనే సలహా ఊరూరా తిరుగుతోంది. అలా పెడితే గ్యారంటీగా అదే వస్తుంది. అంతకన్నా మంచి కాలేజీలో ఆ ర్యాంకుకు సీటు మిగిలి ఉన్నా రాదు.

నిరుటి చివరి ర్యాంకులు వెబ్‌సైట్‌లో పెడతారు. పిల్లది ఏ కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, ఏ లోకల్ ఏరియా అన్నది సరిచూసుకుని ఆ గడిలోని అంకె తీసుకోవాలి. ఓసీ అబ్బాయిల గడి చూసి బెదిరిపోయిన బీసీ అమ్మాయిలు నాకు తెలుసు. పైగా ఆ అంకె పనికొచ్చేది జాబితా కింద ఎంతవరకు వెళ్లాలో తేల్చుకోవడానికి. ఎక్కడ మొదలుపెట్టాలో అది చెప్పదు, పిల్ల ఇష్టమే చెప్పాలి.

జాబితాను కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్‌లతో ముందు కాగితం మీద పిల్ల చేతనే రాయించండి. చేరనని తేల్చుకున్న కాలేజీని సంఖ్య పెంచడం కోసం పెట్టించొద్దు. రెండో విడతలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అప్పుడు కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దవుతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మేలనుకున్నవే రెండోసారి పెట్టాలి.

పాస్‌వర్డ్, ఓటీపీ పిల్ల దగ్గరే ఉండాలి. నెట్ సెంటర్ వాళ్లకు వద్దు, కాలేజీ పీఆర్వోలకు అసలే వద్దు. మీ ఫోన్లో కూడా పెట్టుకోవద్దు. ఆప్షన్లు సేవ్ చేశాక ప్రింటు తీసి, కాగితం మీది వరుసతో ఒక్కొక్కటీ పోల్చండి.

3. కాగితాల పని ఏప్రిల్‌లోనే

ర్యాంకు వచ్చాక మీసేవ దగ్గరో సచివాలయం దగ్గరో వరుసలో నిలబడటం అనవసరమైన హైరానా. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా చూడండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తెప్పించండి. ఎందుకంటే రాష్ట్ర కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ముఖ్యంగా చూస్తారు.

ఐఐటీ, ఎన్‌ఐటీల కౌన్సెలింగ్‌కు ఈడబ్ల్యూఎస్, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇచ్చినవే కావాలి. రాష్ట్రం బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు, కేంద్రం నమూనాలో వేరేగా తీసుకోవాలి. ఇక్కడ బీసీ అయిన కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు, అదీ ముందే చూడాలి.

4. ఖర్చు మొత్తం ఒకే కాగితం మీద

ప్రభుత్వం ఫీజు కడుతుందన్న ధీమాతో వెళ్లి హాస్టల్ ఖర్చు దగ్గర ఆగిపోయే కుటుంబాలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా వాళ్లకే, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. తెలంగాణలో బీసీ పిల్లలకు సాధారణంగా పదివేల లోపు ర్యాంకుంటే పూర్తి ఫీజు, దాటితే 35 వేల వరకే అన్న నిబంధన ఏళ్లుగా ఉంది. మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలి. దానికి బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపి నాలుగేళ్లకు లెక్క వేయండి. లెక్క వేసేటప్పుడు అమ్మను కూడా కూర్చోబెట్టండి. ఇంట్లో ఏ గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయో ఆమెకే తెలుసు.

5. బీటెక్ కాని దారులు

క్యూట్ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి, అనంతపురంలోనూ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. సైన్సు మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లకు తిరుపతి ఐసర్, దానికి ప్రవేశ పరీక్ష వేరు. న్యాయశాస్త్రానికి క్లాట్, లాసెట్. ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలు "మాకేముంది మేడం" అంటూ వెనక నిలబడతారు. తెలంగాణలో దోస్త్, ఆంధ్రలో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాలు వాళ్లకూ ఉన్నాయి కదా, వాళ్లనే ముందు కూర్చోబెట్టండి. వీటిలో కొన్ని దరఖాస్తుల గడువులు ఇంటర్ ఫలితాలకు ముందే ముగుస్తాయి. ఇంటర్ రెండో ఏడు మొదలైనప్పటి నుంచే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

6. కాలేజీకి వెళ్లి చూడాలి

బ్రోచర్‌లో భవనం ఒక్కటే కనిపిస్తుంది. పనిదినాన వెళ్లి రెండో సంవత్సరం పిల్లలతో మాట్లాడాలి. ల్యాబ్ వారానికి ఎన్నిసార్లు తెరుస్తారు? సంవత్సరం మధ్యలో లెక్చరర్లు మారిపోతారా? అమ్మాయిల బాత్రూముల్లో నీళ్లొస్తాయా? సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి? పేరు కొత్తగా వినిపించే విశ్వవిద్యాలయమైతే యూజీసీ జాబితాలో ఉందో లేదో చూడండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా యూజీసీయే ప్రకటిస్తుంది.

7. ఒరిజినల్స్ వదలొద్దు

కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మానేసిన పిల్లలకు ఏ తేదీలోగా ఎంత ఫీజు తిరిగివ్వాలో కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి దగ్గర ఉంచుకుని మర్యాదగా చూపించండి.

8. ఫోన్ చేయని పిల్లలు

ఫలితాల రోజు మంచి మార్కులొచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తారు. చేయనివాళ్ల ఇళ్లకు ఆ సాయంత్రమే వెళ్లండి. తల్లిదండ్రులతో ముందు మాట్లాడండి, ఈ వారం పోలికలు, తిట్లు వద్దని గట్టిగా చెప్పండి. పిల్ల తలుపేసుకుని మాట్లాడకపోతే ఒంటరిగా వదలొద్దు. మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. తప్పిన సబ్జెక్టులకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, అందులో పాసైతే ఆ ఏడాదే డిగ్రీలో చేరే వీలూ ఉంది. ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ దిగులులో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, ఆ తేదీ మీరే గుర్తు పెట్టుకుని దగ్గరుండి కట్టించండి.