చదువు, కలం, సెల్‌ఫోన్

దైవప్రవక్త (స) పై అవతరించిన మొట్టమొదటి ఆదేశం చదవమని. అల్ అలఖ్ సూరాలోని ఆ తొలి ఆయతులలోనే కలం ప్రస్తావన కూడా ఉంది. ఈ రెండింటి విషయంలో మన పిల్లల పరిస్థితి ఏమిటో చూద్దాం.

ఇంటర్నెట్ వచ్చాక పిల్లలు చదవడం మానేశారని పెద్దలు అంటుంటారు. అది పూర్తిగా నిజం కాదు. పొద్దస్తమానం వారు ఫోనులో ఏదో ఒకటి చదువుతూ, రాస్తూనే ఉన్నారు. కాని ఏ లిపిలో? కర్నూలు, కడపల్లో మన కుటుంబాలు చాలావరకు ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడతాయి. పిల్లలు ఈ రెంటినీ ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నారు.

దీనివల్ల నష్టం చిన్నది కాదు. ఖాఫ్‌తో రాస్తే ‘ఖల్బ్’ అంటే హృదయం. కాఫ్‌తో రాస్తే ‘కల్బ్’ అంటే కుక్క! ఫోనులో రెంటికీ ఒకే అక్షరం కొట్టేస్తున్నారు. (తెలుగులో మనం ఖాఫ్‌కూ, ఖేకూ ఒకే ‘ఖ’తో సరిపెట్టుకుంటున్నాం, అది వేరే బాధ.) సే, సీన్, సాద్ మూడూ ఒకటైపోతే పదం ఏ మూలం నుండి వచ్చిందో తెలిసే దారే ఉండదు. తెలుగులోనూ అంతే. ల, ళలకు తేడా పోతుంది. ఖుర్ఆన్ నాజిరా చక్కగా చదివే పిల్లవాడు జేర్, జబర్ లేని ఉర్దూ పంక్తి ముందు ఆగిపోవడం మేము చూస్తున్నాం. దాదా రాసిన ఉత్తరం ఇంట్లోనే ఉన్నా మనవడికి అవి గీతలే.

కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట 2016లో అక్కడే ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా చట్టబద్ధమయింది. ఇంట్లో ఆ లిపి చదివే పిల్లలే లేకపోతే ఇవన్నీ ఎవరి కోసం?

బద్ర్ యుద్ధంలో పట్టుబడి, పరిహారం చెల్లించలేని ఖైదీలలో రాయడం వచ్చినవారు అన్సార్ల పిల్లలకు రాత నేర్పి విడుదల పొందారు. ఉత్తరాల విషయంలో ఇతరులపై ఆధారపడకుండా యూదుల లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆదేశిస్తే, హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) సుమారు 15 రోజుల్లోనే నేర్చుకున్నారు. పరాయి లిపికే అన్ని రోజులు పడితే, మాట్లాడే భాష లిపికి మన పిల్లలకు ఎన్నాళ్ళు పడుతుంది?

ఫోను లాక్కోవడం దీనికి పరిష్కారమని మేము అనుకోవడం లేదు. అదే ఫోనులో ఉర్దూ, తెలుగు కీబోర్డులు ఉచితంగా ఉన్నాయి, అవి పెట్టించండి. అయితే వేలితో నొక్కడం వేరు, చేత్తో రాయడం వేరు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు. ఉర్దూ వచ్చిన ఖాలాయో, ఫుప్పీయో ఉన్న ఇంట్లో అస్ర్ నమాజు తర్వాత అరగంట పిల్లలను కూర్చోబెట్టి పలక మీద దిద్దించవచ్చు. నెల తిరిగాక నానీకి నాలుగు పంక్తుల ఉత్తరం రాయించండి. తప్పులున్నా అలాగే పంపండి, నానీ దిద్ది తిరిగి పంపుతుంది.