తొలినాటి చిన్న తేడా – నేటి ఆకాశం

పెద్ద వాన వెలిశాక మన కొత్తకోట చుట్టుపక్కల చేలను గమనించండి. చదునుగా కనిపించిన నేలలోనే నీళ్లు ఒకచోట నిలుస్తాయి, మరోచోట నిలవవు. కంటికి ఆనని పల్లం ఎక్కడుందో నీరే చూపిస్తుంది. విశ్వంలో గెలాక్సీలు ఏర్పడిన తీరు కూడా కొంతవరకు ఇలాంటిదే.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. దాని 3,80,000వ ఏట బయలుదేరిన కాంతి మైక్రోవేవ్ తరంగాలుగా నేటికీ మనకు అందుతోంది. దాని ఉష్ణోగ్రత అన్ని దిక్కులా దాదాపు ఒకటే. తేడా సుమారు లక్షలో ఒక వంతు. పదార్థం కాస్త ఎక్కువగా ఉన్నచోట ఆకర్షణ ఎక్కువ. ఆ ఆకర్షణకు మరింత పదార్థం వచ్చి చేరుతుంది. ఒకపక్క విశ్వం వ్యాకోచిస్తున్నా, మరోపక్క ఈ చేరిక సాగింది. అలా గెలాక్సీలు, వాటి గుంపులు, మధ్యలో పెద్ద ఖాళీలు ఏర్పడ్డాయి.

దీన్ని పరీక్షించేదెలా? విశ్వాన్ని మళ్లీ మొదటినుంచి నడపలేము. అందుకే శాస్త్రవేత్తలు లెక్కల్లో ఒక నమూనా విశ్వాన్ని నడుపుతారు. దీన్నే సిమ్యులేషన్ అంటారు. తొలి తేడాలను కంప్యూటర్‌కు ఇస్తారు. ప్రతి కణం మీద మిగతావాటి ఆకర్షణ ఎంతో లెక్కకట్టి, కణాలను కొద్దిగా జరిపి, మళ్లీ లెక్కిస్తారు. చివరకు వచ్చిన చిత్రాన్ని అసలు ఆకాశంతో పోలుస్తారు.

1941లో స్వీడన్‌కు చెందిన ఎరిక్ హోల్మ్‌బర్గ్ కంప్యూటర్ లేకుండానే ఈ పని చేశారు. రెండు గెలాక్సీలకు బదులు, ఒక్కోదానికి 37 చొప్పున బల్బులు పెట్టారు. దూరాన్ని బట్టి వెలుగు, ఆకర్షణ ఒకే సూత్రం ప్రకారం తగ్గుతాయి గనుక, వెలుగును కొలిచి ఆకర్షణను తెలుసుకున్నారు. గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుందన్న విషయంపై మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్ 1965లో పరిశోధనా పత్రం వెలువరించారు. 2005 నాటి మిలీనియం సిమ్యులేషన్‌లోనైతే కణాలే 1,000 కోట్లకు పైన.

ఇవి వట్టి బొమ్మలు కావు. కంటికి కనిపించని కృష్ణ పదార్థమంతా న్యూట్రినోలేనని ఒకప్పుడు కొందరు భావించారు. 1983లో వైట్, ఫ్రెంక్, డేవిస్ ఆ ప్రకారమే నమూనాను నడిపారు. అందులో గెలాక్సీలు అసలు ఆకాశంలో కన్నా మరీ ఎక్కువగా గుమిగూడాయి. దాంతో ఆ భావన నిలవలేదు. తప్పును తప్పని తేల్చడమే సిమ్యులేషన్ చేసిన మేలు.

ఈ లెక్కలకు మూలమైన ఆకర్షణ సూత్రం మన పిల్లల ఇంటర్మీడియట్ పుస్తకంలోనే ఉంది. దాతలకు మేము చెప్పదలచింది ఒక్కటే: ఆ పుస్తకం దగ్గరే ఏ పిల్లకూ, ఏ పిల్లవాడికీ చదువు ఆగిపోకూడదు. మొదట్లో దొరికే కాస్త ఆసరా ఎంత దూరం పోతుందో ఆకాశమే చూపిస్తోంది.