ఊపిరి లెక్క: ఇంటివారు నేర్వదగిన పాఠము

నాడె నడకలో తేడా వచ్చినను, పన్నె దెబ్బలో బిగువు తగ్గినను నేతగాని చెవికి వెంటనే తెలియును. వంగి చూచుట తరువాతి పని. ఆ చెవినే ఇంటిలోని మనిషి ఊపిరి వైపు త్రిప్పవలెనని ఈ పాఠములో కోరుచున్నాము. మాలో కొందరము ఆసుపత్రి వార్డులలో నర్సు పని చేసినవారము; కొందరము మిల్లు కార్మికుల ఇండ్లలో పుట్టి పెరిగినవారము. రెండు వైపుల నుండి చూచిన మీదట మాకు తెలిసినది ఇది: డాక్టరు రోగి ఛాతీని వినునది రెండు మూడు నిమిషములు; ఇంటివారు వినునది రాత్రి అంతయు. ఇంటివారు విన్నది ఆసుపత్రికి చేరనిచో వైద్యము సగము చీకటిలో జరుగును.

నైజాము ఇలాకా నుండి బొంబాయికి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరుమీదనే కామాఠిపుర వెలసినది. 1854లో కావస్‌జీ దావర్ మొదటి నూలుమిల్లును స్థాపించిన తరువాత, మిల్లులు పెరిగిన కొలది తెలంగాణా జిల్లాల నేతకుటుంబములు ఆ నగరమునకు వలసపోయినవి. 1920 దశకములో వర్లీ, నాయిగాం, లోయర్ పరేల్, శివ్డీలలో కట్టిన బి.డి.డి. చాళ్ళలో ఒక్కొక్క గది వైశాల్యము 160 చదరపు అడుగులు. అట్టి గదిలో ఐదారుగురు పడుకొన్నప్పుడు ఒకరి దగ్గు అందరి నిద్రను చెరచును. 1982 జనవరి 18న ప్రారంభమైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. మిల్లు మూతపడినంత మాత్రమున దానిలో ముప్పది యేండ్లు పీల్చిన దుమ్ము ఫలము పోలేదు. భీవండిలోను, సిరిసిల్లలోను సాంచాలు నేటికిని నడుచుచున్నవి. కనుక ఇది పాతకాలపు ముచ్చట కాదు.

మొదట చూచుట

నర్సు రోగి దగ్గరకు వచ్చి గొట్టము చెవులకు పెట్టుకొనక ముందే చాల సంగతులు చూచును. రోగి పడుకొనగలడా, లేక కూర్చుండి ముందుకు వంగి మోకాళ్ళపై చేతులు ఆనించుకొన్నాడా? ఒక మాట పూర్తిగా చెప్పగలడా, లేక నడుమ నడుమ ఆగుచున్నాడా? మెడ నరములు బిగియుచున్నవా? ఊపిరి పీల్చునప్పుడు ప్రక్కటెముకల మధ్య చర్మము లోపలికి పోవుచున్నదా? పసిపిల్లలలో మన పెద్దలు 'డొక్కలెగరేస్తున్నాడు' అనునది ఈ గుర్తునే. పెదవుల లోపలి భాగము, నాలుక నీలముగా నున్నవా? మన చామనచాయ చర్మములో నీలము పైకి తెలియదు. నాలుకను చూచుటయే నమ్మకము.

లెక్కించుట

శ్వాసను లెక్కించుటకు సెకండ్ల ముల్లున్న గడియారము చాలును. ఛాతీ ఒకసారి లేచి దిగిన ఒక శ్వాస. పూర్తిగా ఒక నిమిషము లెక్కించవలెను. పావు నిమిషము లెక్కించి నాలుగుతో హెచ్చవేసిన తప్పు వచ్చును. మెట్లెక్కి వచ్చిన వెంటనే లెక్కించరాదు. 'నీ ఊపిరి లెక్కపెట్టుచున్నాను' అని చెప్పిన మనిషి తెలియకనే ఊపిరిని మార్చును. అందుచేత నర్సులు నాడి చూచుచున్నట్లు మణికట్టు పట్టుకొని ఛాతీని గమనింతురు. ఇంటిలో గూడ అట్లే చేయవచ్చును.

విశ్రాంతిగా నున్న పెద్దవారికి నిమిషమునకు 12 నుండి 20 వరకు సహజము. 30 దాటిన ప్రమాదము. పిల్లలకు లెక్క వేరు. రెండు నెలలు నిండని శిశువుకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుండి అయిదేండ్ల లోపు వానికి 40. ఈ సంఖ్యలను చేరినను, దాటినను వేగపు శ్వాసయే. దగ్గుతో కూడిన వేగపు శ్వాస న్యుమోనియా కావచ్చును. బిడ్డ ఏడ్చుచున్నప్పుడు గాక నెమ్మదిగా నున్నప్పుడు లెక్కించవలెను.

తాకుట, తట్టుట

వీపుపై రెండు అరచేతులు చెరియొక వైపు ఉంచి గట్టిగా ఊపిరి పీల్చుమన్నచో, రెండు చేతులును సమముగా ప్రక్కలకు జరుగవలెను. ఒక చేయి వెనుకబడిన ఆ వైపు ఊపిరితిత్తికి గాలి సరిగా చేరుట లేదని అనుమానము. తట్టి చూచుటను ఆస్ట్రియా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ 1761లో గ్రంథస్థము చేసెను. ఆయన తండ్రి పూటకూళ్ళవాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకున్నదో తట్టి తెలిసికొనుట ఆ ఇంటి అలవాటు. మన ఇండ్లలో కాగును తట్టి నీరెంత ఉన్నదో చెప్పుట లేదా? అట్లే గాలి ఉన్నచోట డొల్లగాను, నీరు చేరినచోట మొద్దుగాను ధ్వని పలుకును. ఈ తట్టుట డాక్టరు, నర్సుల పని. ఇంటివారు ఎందుకు తట్టుచున్నారో తెలిసికొన్న చాలును.

వినుట

1816లో పారిస్ నగరపు వైద్యుడు లెన్నెక్ కాగితమును గొట్టముగా చుట్టి ఒక రోగి ఛాతీకి ఆనించి వినెను. నేటి స్టెతస్కోపుకు అదియే మూలము. నర్సు దీనిని బట్టపై నుండి గాక చర్మముపై ఆనించి వినవలెను. ఆడువారి విషయములో తెర వేసి, కావలసినంత మేరకే బట్ట తొలగించవలెను. రోగి నోరు తెరచి మెల్లగా, లోతుగా ఊపిరి తీయవలెను. కుడివైపు ఒకచోట విని, ఎడమవైపు అదే ఎత్తున విని, రెండింటిని పోల్చుచు క్రిందికి రావలెను. ఒక్కొక్కచోట ఒక నిండు శ్వాస వినవలెను. వీపును వినక ముందుభాగము మాత్రము వినుట సగము పనియే.

సహజమైన ధ్వని చెట్టు ఆకులలో మెల్లని గాలివలె నుండును. వేరు ధ్వనులు ముఖ్యముగా ఇవి:

చిటపట. చెవి దగ్గర తలవెండ్రుకలు నలిపినట్లుండును. ఊపిరితిత్తుల చిన్న గదులలో నీరు, చీము చేరినప్పుడు గాని, గుండె బలహీనపడినప్పుడు గాని వినబడును.

పిల్లికూతలు. గాలిగొట్టములు బిగిసి ఇరుకైనప్పుడు ఊపిరి విడుచునప్పుడు వచ్చును. ఉబ్బసములోను, దూది దుమ్ము జబ్బులోను ఇవియే.

గురగుర. పెద్ద గొట్టములలో తెమడ నిలిచినందున వచ్చును. దగ్గి ఉమ్మిన తరువాత తరచు మారును.

గొంతు కూత. ఊపిరి పీల్చునప్పుడు గొంతులో ఈలవలె వచ్చును. ఇది కంఠనాళము మూసికొనుచున్న గుర్తు, ఆలస్యము చేయరాదు.

కిర్రు. కొత్త తోలుచెప్పు చప్పుడువలె నుండును. ఊపిరితిత్తి పైపొర వాచినప్పుడు వచ్చును.

అన్నిటికంటె భయపడవలసినది నిశ్శబ్దము. పిల్లికూతలతో బాధపడు మనిషి ఆయాసము తగ్గకుండగనే కూతలు ఆగిన, 'నెమ్మదించినది' అని సంతోషించరాదు. గాలియే ఆడుట లేదేమో యని పరుగెత్తవలెను.

సోమవారపు ప్రశ్న

ఇక మన వృత్తికి చెందిన ముఖ్య విషయము. మిల్లులు నడిచిన రోజులలో కామాఠిపురలో మా పొరుగున కార్డింగు ఖాతాలో పనిచేయు పెద్దాయన ఒకడుండెడివాడు. దమ్ము, దగ్గు. ఒక దవాఖానలో ఎక్స్‌రే తీసి ఏమియు లేదనిరి. బీడీ మానుమనిరి. మరియొకచోట క్షయ యని అనుమానించి నెలల తరబడి మందు లిచ్చిరి. గుణము కనబడలేదు. చివరకు ఒక నర్సు ఆయన భార్యను అడిగినది: "అమ్మా, ఏ దినము ఎక్కువ?" ఆమె వెంటనే చెప్పినది: "ఐతారం మంచిగనే ఉంటడు సిస్టరమ్మా. సోమారం మాపటికి మెట్లెక్కలేడు, మూడు తావుల నిలబడ్తడు. శనారం వరకు మళ్ల జర తేలికైతది." అన్ని యేండ్లుగా ఆమెకు తెలిసిన ఈ మాటను ఎవరును అడుగలేదు, ఆమెయు చెప్పలేదు.

ఈ జబ్బు పేరు బిస్సినోసిస్. పత్తి, అవిసె, జనుము దుమ్ము వలన వచ్చునది. అవిసె, జనుము దువ్వువారి దగ్గును ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే వర్ణించెను. 1950 దశకములో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులలో షిల్లింగ్ అను వైద్యుడు దీనికి మెట్లు ఏర్పరచెను: మొదట అప్పుడప్పుడు సోమవారము ఛాతీ బిగియును, తరువాత ప్రతి సోమవారము, ఆ తరువాత ఇతర దినములలో గూడ, చివరకు ఊపిరిబలము శాశ్వతముగా తగ్గును. సెలవు దినమున విశ్రాంతి పొందిన గొట్టములు, మరునాడు దుమ్ము తగిలిన కొన్ని గంటలకు బిగియును. ఆదివారము గాక వేరొక దినము సెలవైనచోట, సెలవు మరునాడే 'సోమవారము'. దూదిని చీల్చి దువ్వు బ్లోరూము, కార్డింగు ఖాతాలలో దుమ్ము అధికము, జబ్బు అధికము.

ఇందులో రెండు చిక్కులున్నవి. ఒకటి, ఎక్స్‌రే తరచు శుభ్రముగనే యుండును. కనుక 'ఎక్స్‌రే బాగున్నది' అనిన 'జబ్బు లేదు' అని అర్థము కాదు. సెలవు మరునాడు పనికి పోకముందు, పని ముగిసిన తరువాత, గొట్టములోనికి ఊదించి ఊపిరిబలము కొలువవలెను. రెండవది, సెలవునాడు వినిన పిల్లికూతలు వినబడకపోవచ్చును. అంతేగాక, సాంచాల రొదలో యేండ్ల తరబడి నిలబడి చెవులు మందగించిన మనిషికి తన పిల్లికూత తనకు వినబడదు. ప్రక్కన పడుకొన్నవారే సాక్షులు.

ఈ సాక్ష్యమునకు చట్టములో గూడ విలువ కలదు. 1923 నాటి నష్టపరిహారపు చట్టము, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టము దీనిని వృత్తిరోగముల పట్టికలో చేర్చినవి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి పట్టికలోను ఇది యున్నది. బొంబాయి మిల్లు ఒకదానిలో ఈ జబ్బును గూర్చిన పరిశీలన 1995లో ఒక జాతీయ వైద్యపత్రికలో అచ్చయినది. కాని 'బీడీ దగ్గు' అని కేసు కాగితముపై వ్రాయబడిన పిమ్మట పరిహారము అడుగుట కష్టము. కావున మొదటి దినముననే 'ఏ ఖాతాలో, ఎన్ని యేండ్లు, వారములో ఏ దినము ఎక్కువ' అను మూడు మాటలు కాగితముపై వ్రాయించుకొనవలెను. బీడీ మానవలసినదే, పొగయు దుమ్మును కలిసిన హాని హెచ్చు. అయితే బీడీ పేరు చెప్పి దుమ్మును మరువరాదు.

క్షయ సంగతి

రెండు వారములు దాటిన దగ్గు, మాపటి జ్వరము, బరువు తగ్గుట, రాత్రి చెమటలు, తెమడలో రక్తము, వీనిలో ఏది యున్నను తెమడ పరీక్ష చేయించవలెను. గొట్టముతో విని క్షయను తేల్చుట సాధ్యము కాదు. పరీక్షయు, మందులును ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. పోషణకై 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు రోగి ఖాతాలో జమచేయు పథకము కలదు.

గది చిన్నదని రోగిని వాకిట వేయుట మేము చూచియున్నాము. 1956లో మదరాసులో మొదలిడి 1959లో ప్రకటించిన పరిశోధన, ఇంటివద్ద మందు పుచ్చుకొన్నవారును ఆసుపత్రిలో ఉన్నవారును దాదాపు సమముగా కోలుకొన్నారనియు, ఇంటివారికి అందువలన అంటు హెచ్చలేదనియు తేల్చినది. అది ఇరుకైన పేదల ఇండ్లలో జరిగిన పరిశోధన. మందు విడువక మింగించుట, కిటికీ తెరచుట, దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుట, ఇవి చేసిన చాలును, మనిషిని వెలివేయనక్కరలేదు.

వెంటనే తీసికొనిపోవలసిన గుర్తులు

మాట పూర్తి చేయలేకపోవుట, నాలుక నీలమగుట, డొక్కలెగురుట, మగతగా నుండుట, శ్వాస 30 దాటుట, పిల్లికూతలు హఠాత్తుగా ఆగుట. వ్రేలికి తొడుగు ఆక్సిజన్ యంత్రము ఇంట ఉన్నచో 95 పైన సహజము. 90 కంటె తగ్గిన అపాయము. వ్రేళ్ళు చల్లగా నున్నను, గోళ్ళకు రంగున్నను అంకె తప్పు చూపవచ్చును. 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు రోగిని దిండ్ల ఆసరాతో కూర్చుండబెట్టవలెను. చుట్టును మూగరాదు. సాంబ్రాణి పొగ వేయరాదు. ఆయాసములో అన్నము, పాలు నోట పోయరాదు.

ఊపిరి పుస్తకము

నూలు తెచ్చిన లెక్క, బట్ట ఇచ్చిన లెక్క వ్రాసికొనని నేతయిల్లు లేదు. ఆ పుస్తకములో వెనుకనుండి ఒక పుట తీయుడు. వారము, వేళ, నిమిషమునకు శ్వాసల సంఖ్య, ఆనాడు చేసిన పని, వినబడిన ధ్వని, తెమడ రంగు, వేసిన మందు, ఇవి ఏడు గడులు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి వ్రాసిన చాలును. చదువుకొను పిల్ల ఎవరైనను ఈ పని చేయగలదు. రెండు వారములు వ్రాసి జె.జె.కు పోయినను, నాయరుకు పోయినను, కె.ఇ.ఎం.కు పోయినను, సిరిసిల్ల దవాఖానకు పోయినను, ఆ పుటను నర్సు చేతిలో పెట్టుడు. చదువుటకు ఆమెకు అర నిమిషము పట్టును. మన పొరుగు ఇల్లాలు యేండ్ల తరబడి తనలోనే దాచుకొన్న మాట ఆ అర నిమిషములో బయటపడును.