శిఖరయాత్రకు ముందు వేయవలసిన లెక్కలు

అమెరికా ఈశాన్య భాగమందలి న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో వైట్ మౌంటెన్స్ అనే పర్వతశ్రేణి ఉన్నది. బోస్టన్ నగరం నుండి ఉత్తరంగా కారులో రెండు మూడు గంటల ప్రయాణం. ఈ శ్రేణిలో అధికభాగం 1918లో ఏర్పడిన జాతీయ అరణ్యంలో చేరి ఉన్నది. 4,000 అడుగులకు మించినవిగా లెక్కకెక్కిన శిఖరాలు 48. అక్టోబరు ఆరంభంలో మేపుల్, బర్చ్ చెట్ల ఆకులు ఎరుపు, పసుపు వన్నెలకు తిరిగినపుడు ఆ శోభను చూడడానికి తెలుగు కుటుంబాలు కూడా పిల్లాపాపలతో తరలివెళుతుంటాయి.

హిమాలయాలతో పోల్చితే ఇవి పొట్టి కొండలే. అన్నిటికంటె ఉన్నతమైన మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 6,288 అడుగులు మాత్రమే. అయినప్పటికీ 1849 నుండి ఆ పర్వతంపైనా, దానిని ఆనుకొని ఉన్న శిఖరాలపైనా 150 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇంత తక్కువ ఎత్తులో ఇంత అపాయం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాథమిక సూత్రాలలోనే ఉన్నది. ఆ సూత్రాలను ముందుగా లెక్కలోనికి తీసుకొన్నవారికి యాత్ర ఆనందదాయకమవుతుంది.

అడుగున ఒక ఋతువు, కొనన మరొక ఋతువు

పైకి పోయేకొద్దీ వాయుపీడనం తగ్గుతుంది. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున ప్రతి 1,000 అడుగులకు ఉష్ణోగ్రత 3.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతుంది. కారు నిలిపిన చోటికంటె 3,500 అడుగులు ఎత్తున ఉన్న శిఖరంపై 12 డిగ్రీలు తక్కువగా ఉంటుందన్న మాట. అక్టోబరు ఉదయం క్రింద 50 డిగ్రీలుంటే పైన 38 డిగ్రీలు. అక్కడ గంటకు 30 మైళ్ల గాలి వీస్తున్నదనుకొంటే, చర్మానికి 26 డిగ్రీల చలి వలె తోస్తుంది. అనగా అడుగున ఆకురాలుకాలం, కొనన శీతకాలం.

చెట్లు కూడా ఈ సంగతినే చెబుతాయి. పైకి పోయేకొద్దీ మేపుల్ చెట్లు మాయమై స్ప్రూస్, ఫర్ చెట్లు వస్తాయి. అవి క్రమంగా మోకాలెత్తు పొదలై, సుమారు 4,500 అడుగుల వద్ద ఆగిపోతాయి. ఆ పైన రాయి, నాచు, గడ్డి మాత్రమే. శిఖరం నుండి నలుదిక్కులా కనిపించే దృశ్యానికి కారణం ఇదే. అయితే చూపుకు అడ్డులేని చోట గాలికీ అడ్డు లేదు. మౌంట్ వాషింగ్టన్ పరిశోధనశాలలో 1934 ఏప్రిల్ 12న గంటకు 231 మైళ్ల గాలివేగం నమోదయింది. 1996లో ఆస్ట్రేలియాలోని బారో దీవిలో తుపాను వేళ 253 మైళ్ల వేగం నమోదయ్యేవరకు అదే ప్రపంచ రికార్డు. కాబట్టి బయలుదేరే ముందు చూడవలసినది క్రిందనున్న పట్టణపు వాతావరణ సూచనను కాదు. ఎత్తైన శిఖరాల కొరకు ఆ పరిశోధనశాల ప్రత్యేకంగా వెలువరించే సూచనను.

కాలపు లెక్క

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ దేశీయుడు ఒక సూత్రం చెప్పాడు. ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు అదనంగా మరొక గంట. ఇది దృఢకాయులకు సరిపోయే లెక్క. న్యూహాంప్‌షైర్ కొండదారులు రాళ్లు, వేళ్లతో నిండి ఉంటాయి కనుక అక్కడి మార్గదర్శక గ్రంథాలు మైలుకు అరగంట, ఎక్కే ప్రతి 1,000 అడుగులకు మరొక అరగంట చొప్పున లెక్కిస్తాయి.

ఉదాహరణకు పేరుపొందిన ఫ్రాంకోనియా రిడ్జ్ యాత్రను తీసుకొందాం. లిటిల్ హేస్టాక్, లింకన్, లఫాయెట్ అనే మూడు శిఖరాలను చుట్టి వచ్చే ఈ మార్గం నిడివి సుమారు 9 మైళ్లు. ఎక్కవలసినది సుమారు 3,900 అడుగులు. నైస్మిత్ లెక్కన 5 గంటలు. స్థానిక లెక్కన నాలుగున్నర గంటలకు మరొక రెండు గంటలు చేరి ఆరున్నర. పిల్లల నడక, భోజనం, ఛాయాచిత్రాలకు ఇంకొక గంటన్నర కలిపితే 8 గంటలు.

అక్టోబరు మొదటివారంలో అక్కడ సూర్యాస్తమయం సాయంత్రం సుమారు 6.20కి. దట్టమైన అడవిలో చీకటి అంతకంటె ముందే కమ్ముతుంది. ఉదయం 8 గంటలకు నడక ఆరంభించినవారు 4 గంటలకు క్షేమంగా కారు చేరుతారు. తీరికగా ఫలహారం చేసి బోస్టన్‌లో 8 గంటలకు బయలుదేరినవారు పదిన్నరకు నడక ఆరంభించి, చివరి మైలు చీకటిలో తడుముకొంటారు.

నూలుబట్ట మేలు, కీడు

బెజవాడ ఎండలలో నూలుబట్టకు మించినది లేదు. నూలు అనగా సెల్యులోజ్. దాని అణువులలోని హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్ బంధాల ద్వారా నీటిని పట్టి ఉంచుతాయి. ఆ చెమట ఆవిరయ్యేటప్పుడు శరీరం నుండి వేడిని గ్రహిస్తుంది కనుక చల్లగా ఉంటుంది. చలిగాలిలో ఇదే గుణం ప్రాణాంతకం కావచ్చు.

చర్మంపై ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. తడిసిన చొక్కాలో 200 గ్రాముల నీరు ఉన్నదనుకొందాం. అది పూర్తిగా ఆరడానికి 1,16,000 కేలరీలు, అనగా 116 కిలోకేలరీలు అవసరం. 60 కిలోల మనిషి దేహం ఒక సెంటీగ్రేడ్ డిగ్రీ చల్లబడడానికి కోల్పోవలసిన వేడి సుమారు 50 కిలోకేలరీలు. ఆ వేడి అంతా దేహమే ఇవ్వవలసి వస్తే రెండు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. 37 డిగ్రీలుండవలసిన దేహాంతర్భాగం 35 డిగ్రీల కంటె తగ్గడాన్నే వైద్యులు హైపోథెర్మియా అంటారు. నడుస్తున్నంతసేపు కండరాలు వేడిని ఉత్పత్తి చేస్తూ ఈ నష్టాన్ని భర్తీ చేస్తాయి. చెమటతో శిఖరం చేరి, గాలిలో కూర్చొని భోజనం చేసేటప్పుడే అసలు అపాయం. బరువుతో పోల్చితే చర్మవైశాల్యం ఎక్కువ కనుక పిల్లలు మరింత త్వరగా చల్లబడతారు.

జీన్స్ కూడా నూలుబట్టయే అన్న సంగతి చాలామందికి తట్టదు. పాలియెస్టర్ పోగు తన బరువులో ఒక శాతం నీటిని కూడా పీల్చదు. ఉన్ని తేమను పీల్చినప్పటికీ దాని ఉంగరాల పోగుల నడుమ గాలి నిలిచి వేడిని కాపాడుతుంది. కాబట్టి లోపల పాలియెస్టర్, దానిపై ఉన్ని, అన్నిటిపైన గాలివానలను ఆపే కోటు శ్రేయస్కరం. అదనంగా పొడి చొక్కా ఒకటి ప్లాస్టిక్ సంచిలో ఉండాలి.

వణుకు, తడబడే మాట, తడబడే అడుగు హైపోథెర్మియా లక్షణాలు. బాధితునికి తన స్థితి తెలియదు; ప్రక్కవారే గుర్తించాలి. తడిబట్టలు విప్పించి, గాలి తగలని చోట పొడి ఉన్ని కప్పి, స్పృహలో ఉంటే వెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. మద్యం ఇవ్వరాదు; అది చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి, ఉన్న వేడిని కూడా బయటకు పంపుతుంది.

సంచిలోని సరుకు

మనిషికి గంటకు అర లీటరు చొప్పున నీరు కావాలి. సెలయేటి నీరు స్వచ్ఛంగా కనిపించినా అందులో జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఒక నిమిషం మరిగిస్తే అది నశిస్తుంది. ఆహారం విషయంలో తెలుగువారు క్రొత్తగా నేర్వవలసినది లేదు. పిండిపదార్థం గ్రాముకు 4, కొవ్వు 9 కిలోకేలరీల శక్తినిస్తాయి. వేరుశనగ ఉండలలో, నువ్వుల ఉండలలో ఈ రెండూ ఉన్నాయి. చలికి గడ్డకట్టవు, నలగవు. వీటితోపాటు కాగితపు పటం, దిక్సూచి, తలకు తగిలించుకొనే దీపం తప్పనిసరి. లోయలలో సెల్‌ఫోను సంకేతం అందని చోట్లు అనేకం.

వెనుదిరిగే వేళ

1855 సెప్టెంబరులో లిజీ బోర్న్ అనే యువతి బంధువులతో కలిసి మధ్యాహ్నవేళ మౌంట్ వాషింగ్టన్ ఎక్కనారంభించింది. పెనుగాలి, చీకటి ముంచుకొచ్చాయి. ఆ రాత్రి చలికి ఆమె మరణించింది. తెల్లవారి చూస్తే శిఖరంపైనున్న వసతిగృహం కొద్ది దూరంలోనే ఉన్నది. ఆలస్యంగా బయలుదేరడం, వాతావరణం చెడినా ముందుకే సాగడం అనే రెండు నిర్ణయాలు నేటికీ ప్రమాదాలకు ముఖ్యకారణాలు.

అందువలన వెనుదిరిగే వేళను ఇంటివద్దనే నిశ్చయించుకోవాలి. ఫ్రాంకోనియా యాత్రలో 8 గంటలకు బయలుదేరినవారు పన్నెండున్నరకు లిటిల్ హేస్టాక్ చేరకపోతే వచ్చిన దారినే దిగాలి. అక్కడి నుండి లఫాయెట్ వరకు సుమారు 1.7 మైళ్లు తలదాచుకొనే చెట్టు లేదు. చెట్లు ఆగే చోట నిలిచి ఆకాశాన్ని పరికించాలి. ఉరుము వినిపించినా, మబ్బు దిగినా శిఖరం ఎంత దగ్గరగా ఉన్నా వెనుకకే మరలాలి. మార్గాన్నీ, తిరిగివచ్చే వేళనూ ఒక మిత్రునికి వ్రాసి ఇవ్వాలి.

మొదటిసారి వెళ్లే కుటుంబాలకు మౌంట్ విల్లర్డ్ అనువైనది. రానుపోను 3.2 మైళ్లు, ఎక్కవలసినది సుమారు 900 అడుగులు. అయినా క్రాఫర్డ్ నాచ్ లోయ అంతా కన్నులపండువుగా కనిపిస్తుంది. ఆ నడకకు పట్టిన కాలాన్ని పై సూత్రంతో సరిచూసుకొంటే తమ కుటుంబపు వేగమెంతో తెలుస్తుంది. పెద్ద శిఖరాలకు వేయవలసిన లెక్క ఆ అంకెతో మొదలు కావాలి.