జీరో చూసుకోండి మేడమ్!

ముందు కూర్చోండి. టీ చల్లారకముందే ఒక మాట అడుగుతా. పెద్ద గండం గడిచి ఇంటికొచ్చాక ఎవరైనా "ఏమైంది?" అంటే, "ఏం కాలేదులే" అనేసి కుక్కర్ పెట్టేసిన రోజు మీ జీవితంలో ఉందా? నా జీవితంలో ఉంది. ఈ నెల మన ముచ్చట్లు దాని గురించే.

మా ఇంటికి దగ్గర్లో బైపాస్ మీద ఒక పెట్రోల్ బంకు. సాయంత్రం ఆరు దాటింది. నా స్కూటీకి పెట్రోల్ మూత సీటు కింద ఉంటుంది. కొట్టించుకున్న ప్రతిసారీ దిగాలి, స్టాండు వెయ్యాలి, సీటు లేపాలి, అందులో కుక్కిన కూరల సంచి బయటికి తియ్యాలి. ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ రోజు నన్ను బతికించింది ఆ దిగడమే.

"జీరో చూసుకోండి మేడమ్" అన్నాడు కుర్రాడు. 200కి కొట్టమని, కళ్లన్నీ మీటరు మీదే పెట్టాను. 143 దగ్గర నా హ్యాండ్‌బ్యాగు పట్టుకుని ఎవరో వెనక్కి ఒక్క లాగు లాగారు. తేరుకుని చూసేసరికి ట్రాలీ ఆటో ఒకటి నా స్కూటీని పంపు దిమ్మెకు అదిమేసి ఆగి ఉంది. గాలి కొట్టే చోటి నుంచి రివర్స్‌లో వచ్చిందట. నేను నిలబడ్డ చోట నా ఎడమకాలి చెప్పు, దాని పక్కన రెండు టమాటాలు. లాగింది ఆ కుర్రాడే. ఒక చేత్తో పెట్రోల్ గన్ను బయటికి పీకి, రెండో చేత్తో నన్ను.

పెట్రోల్ కాస్త ఒలికింది. ఎవరో మంచితనంతోనే బకెట్ నీళ్లు పట్టుకొచ్చారు. "నీళ్లొద్దు, ఇసుక!" అని అరిచాడు మేనేజరు. నిజమే కదా, పెట్రోల్ నీళ్ల మీద తేలుతుంది, నీళ్లు పోస్తే ఇంకా దూరం పాకుతుంది. డ్రైవరు బండి స్టార్ట్ చేసి ముందుకు తీద్దామనుకుంటే అదీ ఆపారు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పరుచుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పంపుల కరెంటు కట్టేసి, ఇసుక చల్లి, నలుగురూ కలిసి ట్రాలీని చేతులతోనే తోశారు. మనకెప్పుడైనా ఇలాంటిది ఎదురైతే స్కూటీ కోసం, ఫోన్ కోసం వెనక్కి పరిగెత్తకండి. దూరంగా వెళ్లి నిలబడండి. బండి పోతే ఇంకోటి కొనుక్కుంటాం.

మరి నేనేం చేశానో తెలుసా? "బాబూ, మిగతా 57 ఇచ్చెయ్" అన్నాను. ఆ తర్వాత డ్రైవరుతో, "సారీ అండీ, నేనే బండి అడ్డంగా పెట్టినట్టున్నాను"! గుద్దింది ఆయన, సారీ నాది. ఈ సారీ మన నోటికి ఎందుకంత తొందరగా వస్తుందంటారు? చిన్నప్పటి నుంచీ సర్దుకుపోవడం అలవాటైపోయి కాబోలు. అయినా మనల్ని మనం తిట్టుకోవద్దు. భయం ముందు ఒంటికి పడుతుంది, బుర్రకు తర్వాత ఎక్కుతుంది. ఆ అరగంటలో నొప్పి కూడా సరిగ్గా తెలియదు. అందుకే అప్పుడే "ఏం కాలేదు" అని తీర్పు ఇచ్చెయ్యకూడదు.

నాకు మెడ నొప్పి మర్నాడు పొద్దున తెలిసింది, పళ్లు తోముకుంటుంటే. దెబ్బ పైకి కనిపించకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. తలకేమైనా తగిలుంటే మాత్రం వాంతులు, విపరీతమైన తలనొప్పి, లేపినా లేవలేని మగత, చూపు మసక, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికే. కడుపుతో ఉన్నవాళ్లు ఒక్క గీత పడకపోయినా వెళ్లి తీరాలి. ఇందులో బేరాల్లేవు. 108కి ఫోన్ చెయ్యడానికి మొహమాటం ఎందుకు? 2005లో మన హైదరాబాద్‌లోనే పుట్టిన సేవ అది.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తా. గుద్దిన బండి నంబరు కనిపించేలా, మన బండి ఉన్నదున్నట్టు, ఫోటోలు తియ్యండి. చెయ్యి వణుకుతుంటే పక్కవాళ్లను తియ్యమనండి, కాదనరు. బంకులో సీసీ కెమెరా ఉంటుంది. కొన్నాళ్లకు పాత రికార్డింగు చెరిగిపోతుంది కాబట్టి ఆ రోజే దాచి ఉంచమని అడగండి. 112కి చెప్పండి. ఇన్సూరెన్స్ వాళ్లకు తెలియజెయ్యకుండా, వాళ్లు చూడకుండా మెకానిక్ దగ్గర బండి విప్పించకండి. మన పాలసీ ఒట్టి థర్డ్ పార్టీదైతే మన బండి రిపేరు దాంట్లో రాదని గుర్తుంచుకోండి. ఇంటికెళ్లగానే బీరువాలోంచి పాలసీ తీసి చూస్తారా మరి? "వెయ్యి తీసుకుని వదిలెయ్యండమ్మా" అని ఎవరైనా అంటే, "రేపు మాట్లాడదాం" అనండి. అంతే.

ఇక అసలు కష్టం మనసుది. ఆ రాత్రి మా అత్తయ్య ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. నిప్పుల్లో వేస్తే ఘాటే రాలేదు. "చూశావా, ఎంత దిష్టో!" అన్నారావిడ. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ ఏం మాట్లాడకుండా నా వీపు నిమురుతూ కూర్చున్నారు. తలకొచ్చింది తలపాగాతో పోయిందని వందమంది చెప్పినా రాని నెమ్మది ఆ నిమరడంతో వచ్చింది. మీక్కూడా ఇంట్లో అలా ఒక వీపు నిమిరే చెయ్యి ఉంటుంది. దాని దగ్గర ధైర్యవంతుల వేషం ఎందుకు చెప్పండి?

పది రోజులు లారీ హారన్ వింటే గుండె గొంతులోకొచ్చేది. కళ్లు మూస్తే 143 అంకె కనిపించేది. మెల్లగా తగ్గింది. నెల దాటినా నిద్ర పట్టకపోతే, ఆ దారినే వదిలేసి చుట్టు తిరిగి వెళ్తుంటే, మానసిక వైద్యులతో మాట్లాడండి. 2022లో మొదలైన టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, పిచ్చి అన్న ముద్రా పడదు. మెడ నొప్పికి వెళ్లినప్పుడు దీనికి వెళ్లడానికేం?

మూడు వారాలకు స్కూటీ బాగుపడి వచ్చింది. మా వారు "నేను కొట్టించుకొస్తాలే" అన్నారు, వద్దన్నాను. అదే బంకు, అదే పంపు. దిగాను, స్టాండు వేశాను, సీటు లేపాను. సీటు మీద చెయ్యి కాస్త వణికింది. కుర్రాడు గుర్తుపట్టి సిగ్గుపడుతూ నవ్వాడు.

"జీరో చూసుకోండి మేడమ్."

"జీరో నువ్వు చూడు నాన్నా, నేను వెనక చూస్తుంటా."