వేరుశనగ పప్పా? వండిన ఆకుకూరా?



పాల సేకరణ కేంద్రంలో పాలను ఒక్క వెన్న శాతం చూసి విలువ కట్టడం సరిపోదు. వెన్న కాని ఘనపదార్థాలను కూడ లెక్కించాలి. ఇంటి భోజనానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "గుప్పెడు వేరుశనగ పప్పులో ఉన్న బలం గిన్నెడు తోటకూరలో ఉంటుందా?" బలం అంటే ఏమిటో తెలుసుకుంటే జవాబు సులభం.

గుప్పెడు పప్పు, అనగా 30 గ్రాములలో, సుమారు 170 కాలరీల శక్తి, 7 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు, 12 గ్రాముల క్రొవ్వు ఉంటాయి. 100 గ్రాముల తోటకూరలో ఎక్కువ భాగం నీరే. అది వండితే చిన్న గిన్నెడు అవుతుంది. దాని శక్తి 50 కాలరీలకు మించదు. మాంసకృత్తులు 3 లేక 4 గ్రాములు. శ్రమ చేసే శరీరానికి, ఎదిగే పిల్లల కండకు పప్పే మేలు.

ఇక రెండవ లెక్క చూద్దాం. కంటిచూపును కాపాడే 'ఎ' విటమిన్ గాని, 'సి' విటమిన్ గాని వేరుశనగలో లేవన్నంత తక్కువ. తోటకూరలో 'సి' విటమిన్, శరీరంలో 'ఎ' విటమిన్‌గా మారే కెరోటిన్ సమృద్ధిగా ఉన్నాయి. రేచీకటి రాకుండ ఆకుకూరలు తోడ్పడతాయి. తోటకూరలో కాల్షియం కూడ అధికమే. అయితే అందులోని ఆక్జలేట్లు దానిని కొంత పట్టి ఉంచుతాయి. కనుక పిల్లలకు పాలు మానరాదు.

వండే పద్ధతిలో కూడ లాభనష్టాలున్నాయి. వేడికి 'సి' విటమిన్ చాలవరకు నశిస్తుంది, కొంత నీటిలో దిగిపోతుంది. కాబట్టి:

1. ఆకును ముందు కడిగి, తరువాత తరగాలి.
2. కొద్ది నీటితో, మూత పెట్టి, త్వరగా ఉడికించాలి. ఉడికిన నీరు పారబోయరాదు.
3. దించిన తరువాత నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.
4. వేయించిన వేరుశనగ పొడి చల్లాలి. కెరోటిన్ ఒంటపట్టడానికి క్రొవ్వు అవసరం. పప్పులోని నూనె ఆ పని చేస్తుంది.

అయిదేళ్ళలోపు పిల్లలకు పప్పు పలుకులుగా ఇవ్వరాదు, గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. పొడిగానే పెట్టాలి. పల్లీలు పడని వారు వాటిని ముట్టరాదు.

మరొక ముఖ్య హెచ్చరిక. తడిసి బూజు పట్టిన కాయలలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. 1960లో ఇంగ్లండులో వేలాది టర్కీ కోళ్ళు చనిపోగా, కారణం వెదకినప్పుడు వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. వేయించినా ఇది పూర్తిగా పోదు. అటువంటి కాయలు గాని, చెక్క గాని పశువుకు మేపితే విషంలో కొంత భాగం పాలలోకి దిగుతుంది. పనికిరాని కాయలను గేదె తొట్టిలో వేసేవారు ఆ పాలు తాగేది తమ పిల్లలేనని గుర్తించాలి. కాయలను బాగా ఎండబెట్టి, తేమ తగలని చోట నిలువ చేయాలి.

పాలన్నీ కేంద్రానికి, కాయలన్నీ మార్కెట్ యార్డుకు పంపి, పిల్లలకు పచ్చడి మెతుకులు పెట్టే ఇంటికి పాసుబుక్కులో ఎంత జమ ఉన్నా నష్టమే. పంట ఇంటికి రాగానే ఏడాదికి సరిపడ కాయలు వేరుగా తీసి ఉంచండి. అంట్లు కడిగిన నీరు పారే చోట రెండు మళ్ళు తోటకూర చల్లండి. పప్పుకు ఆకు పోటీ కాదు, తోడు.