జిజ్ఞాసయు చేతి చదువును

ఎరుగవలెనను కోరికను మన పెద్దలు జిజ్ఞాస అనిరి. జ్ఞానము వేరు, జిజ్ఞాస వేరు. జ్ఞానమును ఒకరు మరియొకరికి కొంతవరకు అందింపవచ్చును. జిజ్ఞాస మాత్రము ఎవరిలో వారికే పుట్టవలెను. అది పుట్టుటకు తగిన చోటు ఏది? గ్రంథమా, గురువాక్యమా, లేక పని చేయు చేయియా? ఈ ప్రశ్నకు మన ఉపనిషత్తులలోనే చక్కని సమాధానము కలదు.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున శ్వేతకేతువను యువకుని వృత్తాంతము వచ్చును. అతడు పండ్రెండేండ్లు గురుకులమున వేదములన్నియు అభ్యసించి, ఇరువదినాలుగవ యేట, తనకు తెలియనిది లేదను గర్వముతో ఇల్లు చేరెను. తండ్రియైన ఉద్దాలకుడు ఉపదేశముతో మాత్రమే సరిపెట్టలేదు. ఒక మఱ్ఱిపండును తెమ్మనెను. దానిని చీల్చుమనెను. లోపలి సన్నని గింజలలో ఒకదానిని మరల చీల్చి, అందేమి కనబడుచున్నదో చెప్పుమనెను. ఏమియు కనబడుట లేదని కుమారుడు పలికెను. ఆ కనబడని దానినుండియే ఇంత మఱ్ఱి పుట్టినదని తండ్రి తెలిపెను. ఇంకొకమారు రాత్రివేళ ఉప్పును నీటిలో వేయించి, తెల్లవారిన పిమ్మట ఆ ఉప్పును తిరిగి ఇమ్మనెను. ఎంత వెదకినను దొరకలేదు. అప్పుడు ఆ నీటిని పైనుండియు, నడుమనుండియు, అడుగునుండియు రుచి చూడుమనెను. అంతకు ముందొకసారి పదునైదు దినములు అన్నము మాన్పించి వేదము చెప్పుమనగా కుమారునకు ఏదియు జ్ఞప్తికి రాలేదు; భుజించిన పిదప అన్నియు వచ్చెను. మనస్సునకు అన్నమే ఆధారమను సంగతి అతనికి ఆ విధముగా బోధపడెను.

బ్రహ్మవిద్యను బోధించుటకే ఆ తండ్రి పండును, ఉప్పును, ఆకలిని సాధనములుగా గైకొనెను. చేతితో నేర్చునది తక్కువ తరగతి చదువు అనువారు ఈ ఘట్టమును తీరికగా చదివిన మంచిది.

ఇట్టి విద్యకు మలేషియాలోని మన తెలుగువారి కన్నుల ముందే మరియొక ఉదాహరణము కలదు. అది రబ్బరు చెట్టు. మన తాతలు విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి ఓడలెక్కి నాటి మలయాకు వచ్చినది చాలవరకు ఈ చెట్టు కొరకును, బాగన్ డాతో వంటి చోట్ల కొబ్బరిచెట్టు కొరకును గదా. రబ్బరు చెట్టు చరిత్ర అంతయు ఎవరో ఒకరు తాకి, గాటు పెట్టి, వేచి చూచిన చరిత్రయే.

దీని స్వస్థలము దక్షిణ అమెరికాలోని అమెజాను అరణ్యము. 1876లో హెన్రీ విక్హాము అను ఆంగ్లేయుడు బ్రెజిలు దేశమునుండి రమారమి 70,000 గింజలను లండను చెంతనున్న క్యూ ఉద్యానవనమునకు చేర్చెను. అందు నూటికి నాలుగైనను మొలకెత్తలేదు. రబ్బరు గింజ నూనె గల గింజ. చెట్టునుండి రాలిన కొద్ది వారములలోనే మొలకెత్తు శక్తి నశించును. ఓడ ప్రయాణము దానికి దీర్ఘకాలమే. 1877లో 22 మొక్కలు సింగపూరునకు వచ్చెను. వానిలో కొన్నింటిని పేరాకు రాష్ట్రమునందలి క్వాలా కంగ్సారులో నాటిరి.

ఈ గింజను గూర్చి తోటలలో పెరిగిన వారికి ఒక మాట గుర్తుకు రాక మానదు. ఎండవేళ కాయ టప్పున పగిలి గింజలు దూరముగా ఎగిరి పడును. పిల్లలు వానిని ఏరుకొని, సిమెంటు గచ్చు మీద గట్టిగా రుద్ది, ప్రక్కవాని చేతికి తాకించి కేక వేయించుచుండిరి. రాపిడివలన వేడి పుట్టునను సంగతి ఆ పిల్లలకు పాఠ్యపుస్తకముకంటె ముందుగా చర్మమే నేర్పినది. బడిలో గురువు ఆ గింజను చేతబట్టి పాఠము మొదలిడినచో ఎంత బాగుండెడిది! గింజలను బడిలోనికి తేరాదని దండించిన వారే ఎక్కువ.

మరల చరిత్రకు వత్తము. మొక్కలు వచ్చిన తరువాత పెక్కేండ్లు వానిని పట్టించుకొన్నవారు అరుదు. తోటల యజమానులకు కాఫీమీదనే మక్కువ. బ్రెజిలులో చిన్న గొడ్డలితో చెట్టును కొట్టి పాలు తీయుచుండిరి. ఆ దెబ్బ కొయ్యవరకు పోవును, చెట్టు గాయపడును, బెరడు గడ్డలు కట్టును. అట్టి పద్ధతితో వరుసలుగా నాటిన తోటను ఏండ్ల తరబడి నడపుట సాధ్యము కాదు. 1888లో సింగపూరు ఉద్యానవనమునకు అధిపతిగా వచ్చిన హెన్రీ రిడ్లీ ఈ చిక్కును తన తోటలోని చెట్లమీదనే పరిశీలింప మొదలిడెను. ఏ వేళ గీసిన పాలు ఎక్కువ కారును? ఎంత లోతు? ఒకే గాటు మేలా, పెక్కు గాట్లు మేలా? చెట్టును అడిగి, చెట్టు చెప్పిన సమాధానమును వ్రాసికొనెను. క్రొత్త చోట మరల గాటు పెట్టుటకంటె, పాత గాటు అంచునుండియే పలుచని పొరను తీసినచో పాలు తగ్గకపోగా ఆపై గీతలలో పెరుగునని తేలెను. కొయ్య జోలికి పోకుండ బెరడును మాత్రమే గీయుటవలన గాయము మాని, కొన్నియేండ్లకు అదే చోట మరల గీయుటకు వీలగును. రిడ్లీ జేబులలో గింజలు వేసికొని తిరిగి, కనబడిన యజమానికెల్ల నాటుమని చెప్పుచుండుటచే జనులు ఆయనను వెర్రి రిడ్లీ అనిరి. 1896లో మలక్కాలో తాన్ చే యాన్ అను చీనా వర్తకుడు మొదటి వాణిజ్యపు తోటను వేసెను. పిమ్మట మోటారు బండ్ల చక్రములకు రబ్బరు కావలసివచ్చి, తక్కిన కథ నడచెను. రిడ్లీ 1956లో నూరేండ్లు దాటి మరణించెను.

ఇచట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. పాత గాయమునుండియే ప్రతిదినము పలుచని పొరను తీసినచో రసము ఎక్కువగా వచ్చునను మర్మము మన దేశపు కల్లుగీతవారికి తరతరములుగా తెలిసినదే. తాటి పూగెలను గాని, ఇంకను విచ్చుకొనని కొబ్బరి పొత్తిని గాని కట్టి, కొన్ని దినములు మెల్లగా నలిపి, పిదప కొనను పూటపూటకు చెక్కుచుందురు. చెక్కినకొలది కల్లు ఊరును; చెక్కుట మానినచో గాయము ఎండిపోవును. రెండు చెట్ల లోపలి ఏర్పాటు ఒకటి కాదు. తాటి రసము తీపినీరు, రబ్బరు పాలు వేరొక నాళములలోనిది. అయినను గాయమునకు చెట్టు ఎట్లు బదులు చెప్పునో కనిపెట్టిన చూపు ఒకటే. ఒకడు చూచినది వ్రాసి అచ్చు వేసెను. రెండవవాడు కుమారునకు మోకును, కత్తిని ఇచ్చి చెట్టెక్కించెను. అచ్చు వేసినదానికే శాస్త్రమను పేరు దక్కెను.

మన తాతలును అవ్వలును ఈ చెట్టువద్ద సంపాదించిన తెలివి తక్కువది కాదు. తెల్లవారకముందే పెరట్టులో హాజరు చెప్పి, చీకటిలోనే తమ వరుస చెట్లకు పోయెడివారు. రాత్రి చల్లదనమున చెట్టు నీటితో నిండి బిగిసియుండును. ఎండ ముదిరి ఆకులనుండి నీరు ఆవిరియైనకొలది లోపలి ఒత్తిడి తగ్గి పాలు మందగించును. బెరడు తడిసియున్న వాన దినమున పాలు గాడి తప్పి చెట్టంతయు ప్రాకిపోవును గనుక గీత ఆగును. అన్నిటికంటె కష్టమైనది లోతు. పాలనాళములు బెరడు లోపలి పొరలోనే దట్టముగా నుండును. వాని ఆవలనే క్రొత్త బెరడును పుట్టించు సుకుమారమైన పొర కలదు. దానికి ఒక మిల్లీమీటరు దూరమున కత్తి ఆగవలెను. దూరముగా ఆగినచో పాలు లేవు. దాటినచో చెట్టు పాడు. ఇది కంటితో చూచి తెలిసికొనునది కాదు, మణికట్టునకు తెలియవలసినది. ఏ పుస్తకమును ఆ ఒక్క మిల్లీమీటరును నేర్పజాలదు.

ఈ తెలివికి ఆ దినములలో తగిన కూలి లభింపలేదు, గౌరవము అసలే లేదు. అందుచేతనే మన పెద్దలు తమ బిడ్డలు ఆ కత్తిని పట్టరాదని కోరుకొనిరి. ఆ కోరికను తప్పుపట్టుట అన్యాయము. లైను ఇండ్లనుండి బిడ్డలను బయటకు పంపుటకు చదువొక్కటే వారికి కనబడిన త్రోవ. అయితే కత్తితోపాటు మరియొకటి కూడ మన ఇండ్లనుండి జారిపోయినది. పనిని చేతితో తాకి, ఇది ఇట్లేల యగుచున్నదని అడుగు అలవాటది. నేడు మన బిడ్డ కిరణజన్యసంయోగక్రియను పరీక్షలో తప్పులేకుండ వ్రాయును, పెరటిలోని కరివేపమొక్క ఎందుకు వాడినదో చెప్పలేదు. అవ్వకు మొక్క తెలియును, పరీక్ష తెలియదు. ఇరువురును ఒకే ఇంట ఉండియు మాటలాడుకొనరు. మాటలాడుకొనుటకు తెలుగే తక్కువగుచున్నదను బాధ మరియొకటి.

కాలము కూడ ఎక్కువ లేదు. పెద్ద తోటలలో అధికభాగము ఆయిల్‌పామునకును, కొన్ని చోట్ల పట్టణములకును మారిపోయెను. ఇప్పుడు ఈ దేశపు రబ్బరులో అధికభాగము చిన్నకమతములనుండియే వచ్చుచున్నది. గీత తెలిసిన మన ముదుసలులు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు. వారి చేతులలోని పాఠమును ఆదివారపు తెలుగు తరగతికి పిలిచి చెప్పించినచో, భాషకును విద్యకును కలిసివచ్చునని నా తలంపు.

ఆ తరగతికి ఒక అభ్యాసమును సూచింతును. చెట్టుకెదురుగా నిలిచి చూచినచో, రబ్బరు గీత ఎల్లప్పుడు ఎడమ వైపు ఎత్తునుండి కుడి వైపు పల్లమునకు దిగును. ఏల అని ముదుసలులను అడిగిన, అట్లే గీయవలెను అందురు. అది వారి తప్పు కాదు. వారికి ఎవరును చెప్పలేదు. బెరడులోని పాలనాళములు నిట్టనిలువుగా నుండవు. పైకి పోవుకొలది కొంచెము కుడికి వాలియుండును. ఒక పాలడబ్బాకు తెల్లకాగితమును చుట్టి, దానిమీద బిడ్డచేత దగ్గర దగ్గరగా గీతలు గీయింపవలెను. అవి పైకి పోవుకొలది కుడికి వాలియుండవలెను. వాలును కొంచెము ఎక్కువచేసి గీసిన తేడా తేటగా కనబడును. పిదప సమాన పొడవుగల రెండు ఏటవాలు గాట్లను, ఒకటి ఎడమనుండి కుడికి దిగునట్లును, రెండవది కుడినుండి ఎడమకు దిగునట్లును, ఎఱ్ఱసిరాతో వేయింపవలెను. ఏ గాటు ఎన్ని గీతలను తెంచినదో బిడ్డయే లెక్కింపవలెను. పెద్దలు ముందుగా చెప్పివేయరాదు. లెక్క ముగిసిన తరువాత ఆ డబ్బాను అవ్వ చేతికిచ్చి, ఆమె తన కత్తిని ఏ వైపునుండి పట్టెడిదో చూపుమని అడుగవలెను.